సాకు

తొమ్మిదిన్నరకి స్టాండప్.
తొమ్మిదింబావుకే చెగోడీకి తెలిసిపోతుంది,
ల్యాప్‌టాప్ మూత తెరిచిన చప్పుడంటే
ఇక నా చేతులు తనవి కావని.
పేరు పెట్టించుకున్న ఆ తోకని
చుట్ట విప్పకుండానే వచ్చి
ఛార్జర్ వైరు మీద కూర్చుంటుంది.

ముందు దాని పని చూడాలి.
రాత్రే ఫ్రీజర్లో పెట్టిన స్టీలు గ్లాసు,
అడుగున గడ్డకట్టిన పెరుగూ గుమ్మడిముక్కా:
పద్దెనిమిది నిమిషాలు.
కొబ్బరిచిప్పకి పూసిన రాగిముద్ద: పదకొండు.
మూడు ముళ్లేసిన పాత లుంగీ:
రెండో ముడి దగ్గరే విసుగు.
గచ్చు మీద జారవిడిచిన ఐసుముక్క
సోఫా కిందికి దూరి నీళ్లయ్యేలోగా
నేనొక మెయిలు రాసేయాలి.
ఆస్పత్రి బిల్లుల్లో తప్పులు వెదికే ఉద్యోగం నాది.
ఇప్పుడీ నిమిషాలకీ పద్దు రాస్తున్నాను,
అదే షీట్లో, ఎవరికీ చూపించని ట్యాబులో.

చప్పుడుంటే పరవాలేదు.
ఆగిందంటేనే గుండె జారుతుంది.
అలాంటి ఒక నిశ్శబ్దంలోనే
మేకుకి వేలాడే ఆఫీసు కార్డు
తాడు పట్టి కిందికి లాగబడింది.
ఫోటోలో నా నుదుటి మీద
నాలుగు పాలపళ్ల గుర్తులు.
దాన్నే మళ్లీ తగిలించాను, ఇంకాస్త ఎత్తున.

హొరమావులో వాన దంచిన రాత్రి
పూల నింగమ్మ తోపుడుబండి కింద
గోనెసంచిలో దొరికింది.
తడిబొచ్చు, బంతిపూల వాసన.
మిగతా మూడింటినీ ఎవరో తీసుకుపోయారట.
"సాక్తీరా మేడమ్?" అంది నింగమ్మ.
పదకొండేళ్లుగా ఈ ఊళ్లో
"కన్నడ గొత్తిల్ల" ఒక్కటే తప్పుల్లేకుండా పలికిన నోరు నాది.
కానీ ఆ మాట అర్థమైంది.
నన్ను సాకిన మేనత్త
ఆ మాటే వాడేది, కోపమొచ్చినప్పుడు.
తలూపాను.

మా మేనేజరు పినాకపాణి గారిది చీరాల.
"వారానికి మూడ్రోజులు రమ్మంటే
కుక్కపిల్లొక సాకా, వైజయంతి గారూ?"
మ్యూట్‌లో ఉన్నాను.
మ్యూట్ తీయాలనిపించలేదు.

చెగోడీకి తెలుగు రాదు.
"కూర్చో" అని ఇరవైసార్లు బతిమాలితే
తల పక్కకి వంచి నా వంక జాలిగా చూసింది.
నింగమ్మ గేటు దగ్గర్నించే,
మల్లెలు మూర కొలుస్తూ, వెనక్కైనా తిరక్కుండా
"కూత్కో" అంది.
కూర్చుంది.
అప్పట్నించీ నాకు చదువు మొదలు.
బా. బేడ. మల్కో.
సాయంత్రం పూలు కొని ఒక మాట అడిగి తెచ్చుకుంటాను.
నాకేమో జడ లేదు;
మల్లెలు ఫ్రిజ్ మీద వాడుతుంటాయి.

నిన్న క్వార్టర్ రివ్యూ.
పినాకపాణి గారు నలభయ్యో స్లైడు దగ్గరున్నారు.
గ్లాసు అయిపోయింది, చిప్ప అయిపోయింది,
నా పైజామా అంచు మొదలైంది.
మైకు తెరిచి ఉందని చూసుకోలేదు.
"సాకు!" అన్నాను, అచ్చం నింగమ్మ గొంతుతో,
ఇక చాలు, ఆపమనే సాకు.

చెగోడీ వదిలేసింది.
పినాకపాణి గారూ ఆగారు.
ఇరవయ్యారు గళ్లలో ఇరవయ్యారు ముఖాలు
రెప్ప కొట్టకుండా.
ఆయన చీరాల చెవితో విన్నారో
ఈ ఊరి చెవితో విన్నారో
నాకిప్పటికీ తెలీదు.
మైసూరు కుర్రాడు నంజుండ ఒక్కడే
చటుక్కున కెమెరా ఆపేశాడు.
"సరే... మిగతాది రేపు" అన్నారాయన.

పన్నెండు దాటి పది నిమిషాలు.
బాల్కనీ కమ్మీల్లోంచి ఎండ
చాపంత మేర గచ్చు మీదికొచ్చింది.
చెగోడీ వెళ్లి అందులో పడుకుంది,
ఏ భాషలోనూ ఎవరూ చెప్పకుండానే.

షీట్లో కొత్త వరుస తెరిచి
"ఎండ" అని రాశాను.
పక్కన నిమిషాల గడి ఖాళీగా ఉంది.
అది లేస్తేగానీ నింపలేను.
ఇంకా లేవలేదు.