దొంగపోగు

మా నాన్న వెనక్కి నడిచి బతికాడు.
నడుముకి జనపనార చుట్టుకుని,
చక్రం తిప్పే కుర్రాడి కేసి మొహం పెట్టి
ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ
వేళ్ల సందుల్లోంచి నూలు వదిలేవాడు.
చాతం రేవులో ఆ తాళ్లసాల పొడవు పావు మైలు.
"రోజుకి పద్దెనిమిది మైళ్లు నడుస్తాను డోర్కస్,
ఎక్కడికీ వెళ్లను" అనేవాడు.

అన్ని పోగులూ కుడికి పురి తిరిగితే
ఒక్కటి మాత్రం ఎడమకి.
ఆ ఒక్కదాన్నీ ఆయన చేతికే అప్పగించారు.
తారు తగలని తెల్లపోగు,
ప్రతి పేట నడుమా నక్కి కూచునేది.
దొంగపోగు అంటే అదే.
బరువు మొయ్యదు, తుఫానులో దాని సాయం సున్నా.
తాడు ఎవరిదని అడిగితే
రాజుగారిదని చెప్పడం ఒక్కటే దాని పని.

ఇంటిదొంగను దేవుడైనా పట్టలేడంటారు.
రాజుగారు పట్టారు, మూరెడు నూలుతో.

జీతాలందక అది పదమూడో నెల.
రొట్టెల దుకాణంలో మా పేరు మీద గీత పడింది.
సాయంత్రం గంట కొట్టగానే
గేటు దగ్గర బారులు తీరి చేతులెత్తేవాళ్లు.
సోదా చేసే బార్నబీ ఊరికే దగ్గినా చాలు,
ఏమీ తియ్యనివాళ్లు కూడా భుజాలు తడుముకునేవాళ్లు.
మేజోళ్లలో రాగి మేకులు, మేకు తల మీద బాణం గుర్తు.
పొట్టకి చుట్టుకున్న తెరచాప గుడ్డ,
దాని అంచులో నీలి దారం.
అన్నిటికీ నోళ్లున్నాయి ఆ రేవులో,
జీతం అడిగే మనుషులకి తప్ప.

కెజయా పిల్చర్ మా వెనక సందులో బట్టలుతికేది.
మొగుడు ఎక్కడో సముద్రం మీద,
అతని జీతం ఇంకా దూరంగా.
ఆమె బట్టలారేసే తాడు పది బారలు.

కోర్టులో నాన్నని పిలిచి
తాడు కొస విప్పమన్నారు.
ఏ పేటలో వెతకాలో
ఆయన బొటనవేలికి ముందే తెలుసు.
పోగు బయటపడింది,
వానకీ సబ్బునీళ్లకీ మరింత తెల్లబడి.
"ఇది నువ్వు వడికిందేనా?"
కెజయా నాన్న వేపు చూడలేదు.
కిటికీలోంచి మబ్బు వేపు చూసింది,
ఆరేసిన దుప్పట్లు ఎవరు తీస్తారా అన్నట్టు.
"నాదే" అన్నాడు నాన్న.

ఆరు నెలలు, మెయిడ్‌స్టోన్ జైల్లో.

స్టోర్‌కీపరు గారింటి కొత్త మేడమెట్లు ఓకు చెక్కవి.
నేను వాటిని తుడిచాను, నాకు తెలుసు.
బాణం గుర్తు వాటి మీదా ఉండే ఉంటుంది,
మూడు పూతల రంగు కింద.
చెక్కకి పురి ఉండదు కదా, విప్పి చూడ్డానికి.

ఆ రాత్రి నాన్న
అందరిలాగే ముందుకి నడిచి ఇంటికొచ్చాడు.
వచ్చి, గడప తగిలి పడ్డాడు.
మర్నాటి నుంచి కెజయాకి వచ్చే మూటలు
మా పెరట్లో నేనూ ఆమె పెద్దకూతురూ ఉతికాం.
తాడు కట్టలేదు. కంచె మీద పరిచాం.
ముళ్లకి చిరిగిన చోట నాన్నే కుట్టేవాడు,
దీపం దగ్గర కూచుని, మాట్లాడకుండా,
పురి ఎడమకో కుడికో చూసుకోకుండా.

ఆయన పోయినప్పుడు
రేవువాళ్లు మర్యాదకి రెండు తాళ్లు పంపారు,
పెట్టె దించడానికి.
దించాక పైకి లాగి, మట్టి దులిపి,
బారలు కొలిచి పుస్తకంలో రాసుకున్నారు.
చుట్ట చుడుతుంటే ఒక తాడు కొస
ఒక్క క్షణం నా వేపు తిరిగింది.
నల్లటి పేట నడుమ
సన్నగా, తెల్లగా, ఎడమకి.

ఎవరిదని నన్నెవరూ అడగలేదు.