ఏడో ఎక్కం

దేవరకొండల ఎండ పదింటికే ముదిరింది.
డాబా మీద పాతచీర పరిచి
మా ఆమె వడియాలు పెడుతుంటే
శ్రీనికకు నేను ఎక్కం చెప్తున్న.

ఏడొకట్ల ఏడు, ఏడ్రెళ్ల పద్నాలుగు…
ఏడెనిమిదుల కాడ
బిడ్డ నాలుక ఎండిపాయె.
ముప్పై ఏండ్ల కింద నేనూ ఆడనే ఆగిన.
బాపు బెత్తం ఆడనే లేచేది.

"నోటితోని వద్దు, కండ్లతోని చూడు" అన్న.
అడ్డం ఎనిమిది, నిలువు ఏడు.
ఇంకా తడారని వడియాలకు
వేలు ఆనకుండ, పెదవులు కదుపుకుంట
లెక్కవెట్టింది.

"యాభై ఐదు."

"మళ్ల."

"యాభై ఐదే డాడీ!"

నా గొంతుల బాపు లేవబోయిండు.
మా ఆమె పిండి వేలుతోని
పిట్టగోడ దిక్కు చూపెట్టింది.

కాకి
ముక్కు తుడుచుకుంటున్నది.