తిరిగొచ్చిన గోలీలు

మంగళవారం పిల్లల ఓపీ.
ఎంజీఎం గేటు కాడ
నర్సంపేట, పరకాల, ఏటూరునాగారం బస్సులు దిగినోళ్లు
ఒకర్నొకరు ఎరగనట్టు నడుస్తరు.
లోపలికొచ్చినంక
ఒకే బెంచీ మీద జరిగి చోటిస్తరు.

నా పని రాయడం.
పేరు కన్న ముందు నంబరు,
నంబరు పక్కన బరువు.
తొమ్మిదేండ్లని అవ్వ చెప్తది,
ఐదేండ్లని త్రాసు చెప్తది.
రెండూ రాస్త.
ఎవరి మాటా కొట్టెయ్యను.

ఆఖరున ఒక గడి ఉంటది.
దాంట్ల మూడే మాటలు పడ్తయి:
ఉన్నరు, పోయిన్రు, వస్తలేరు.
పదకొండేండ్లు రాసినంక తెలిసింది,
మూడో మాటే బరువని.
పోయిన్రంటే ఒక తారీఖన్న ఉంటది.
వస్తలేరంటే
మేడారం జాతర్ల తప్పిపోయిన పిల్లగాని తీరు
మైకుల పేరు వినపడుతనే ఉంటది.

గట్టవ్వది రేగొండ అవతల.
మనవరాలు నాగజ్యోతిని సంకనేసుకొని వచ్చేది.
కొడుకు పత్తి లారీ నడిపేటోడు,
కోడలు ఆయన ఎనక ఏడాదికి.
పెద్దోళ్ల గోలీని అడకత్తెరల పెట్టి సగం జేసేది
పోకలు కత్తిరించిన చెయ్యి,
వెంట్రుకంత తేడా రానియ్యదు.

ఇంట్ల గడియారం లేదు.
రాత్రి ఎనిమిదింటికి నైట్‌హాల్ట్ బస్సొచ్చి
హారన్ కొడ్తె
బెల్లం ముక్కతోని గోలీ.
"బస్సు మింగినవా బిడ్డా" అని అడిగేదంట.

సమ్మె మొదలైంది, బస్సు బందైంది.
గట్టవ్వ రోజూ పొద్దుగూకినంక పోయి
సర్పంచి ఇంటి గోడ కాడ నిలబడేది,
లోపల టీవీల సీరియల్ పాట వచ్చేదాక.
ఏందవ్వా గిక్కడ అంటే
నాకు గా పాట పానం, అన్నదంట.
మందులు అయిపోవస్తె
రెండు కోళ్లమ్మి ట్రాలీ ఆటోల వచ్చింది.

డాక్టరమ్మ ముందే చెప్పింది:
ఆలస్యంగ మొదలుపెట్టినం,
ఆర్నెల్లు దాటాలె అవ్వా.
గట్టవ్వ వేళ్ల కణుపుల మీద నెలలు పట్టుకున్నది.
నాలుగో కణుపు కాడ జ్వరమొచ్చింది.

దినాలైన మర్నాడు ఒక్కతే వచ్చింది.
కొంగు ముడి ఇప్పి డబ్బా నా బల్ల మీద పెట్టింది.
"ఇంకెవలన్న పిల్లలకు అక్కరకొస్తయి."

తిరిగొచ్చిన గోలీలు లెక్కపెట్టాలె, అది రూలు.
ఇచ్చినయిట్లకెల్లి తీసేసి, రోజులతోని భాగించి
నూటికెంతో రాయాలె.
ఇరవై మూడు సగాలు.
మళ్ల లెక్కబెట్టిన,
ఎక్కడన్న తప్పుంటే బాగుండని.
ఒక్క రాత్రి, ఒక్కటంటే ఒక్క రాత్రి మర్చిపోయుంటే
అంతా ఆ రాత్రి మీదికి తోసేద్దును.

నూటికి నూరు.

గట్టవ్వ నా దిక్కే చూస్తున్నది,
పాసా ఫెయిలా అని అడిగే పిల్ల లెక్క.
"మంచిగేసినవ్ అవ్వా" అన్న.
"గట్లనా" అన్నది.
పోతు పోతు
బెంచీ మీద ఎవలో పిల్లగానికి
ఊడిన చెప్పు కాలుకు తొడిగి పోయింది.

మొన్న మంగళవారం ఓదెలు వచ్చిండు.
ఒకప్పుడు మేనమామ భుజం మీద
తడిసిన తువ్వాల తీరు వేలాడిన ఓదెలు.
పద్దెనిమిది నిండినయి,
పెద్దోళ్ల రిజిస్టర్ల ఎక్కియ్యాలె.
చావు గురించి ఏం అడుగుతడో అని
నేను మాటలు కూడబెట్టుకుంటున్న.
వాడు అడిగింది ఒక్కటే:
"మేడం, లైసెన్సు కాయితంల ఈ ముచ్చట రాయాల్నా?"
అక్కర్లేదన్న.
ఏం నడుపుతవ్ రా అంటే డీసీఎం అన్నడు.
ఎనిమిదింటికి యాడున్నా బండి పక్కకాపు అన్న.
"ఎరికె మేడం" అని నవ్విండు,
నేనెందుకు గొంతు సవరించుకున్ననో ఎరగకుంట.

త్రాసెక్కు అన్న.
చెప్పులిడిచి ఎక్కిండు.
యాభై ఎనిమిది కిలోలు.
దిగబోతుంటె ఆగమన్న,
ఇంకోసారి చూసి రాసుకున్న.