వీపులు

సత్యనారాయణపురంలో పట్టాలున్న రోజుల్లో
గేటు పక్క రేకుల షెడ్డులో హిండా అనే ఆవిడ ఉండేది.
పోలండు మనిషి.
ఆవిడ ఉలులకి పదును పెట్టేది మా నాన్న గురవాచారి,
మోసేది నేను.

రోహిణి కార్తెలోనూ పొడుగు చేతుల జాకెట్టే.
ఒక్కసారి, మొహం కడుక్కుంటూ పైకి మడిచింది:
మోచేతి కింద నీలం అంకెలు.
"పచ్చబొట్టాండీ? పేరు పొడిపించుకోవాల్సింది" అన్నాను.
"పేరు చెరపడానికే ఇది" అంది
సబ్బు నురగ తుడుచుకుంటూ, మామూలుగా.

దుర్గి నుంచి లారీలో రాయి దిగేది, వరిగడ్డి చుట్టి.
మార్కెట్టు షావుకారు వినాయకుణ్ణి చెయ్యమన్నాడు.
"మా దేవుడికి రూపం లేదు, మీ దేవుడు నా చేతికి రాడు."

చెక్కినవన్నీ వీపులే.
మూటతో వంగిన వీపు. చంటిపిల్ల వేళ్ళు
భుజం మీద పట్టు బిగించిన వీపు.
"మొహాలేవండీ?"
"వాళ్ళు పెట్టె ఎక్కుతుంటే
నాకు కనబడ్డవి ఇవే."

గూడ్సు వస్తే సుత్తి గాల్లోనే ఆగేది.
పెదాలు కదిలేవి, ఒకటి, రెండు...
గార్డు దీపం మలుపు తిరిగాకే దెబ్బ.
కొన్నిసార్లు ఆ పూటకి అదీ లేదు.

ఆవిడ పోయింది. పట్టాలు పీకి రోడ్డేశారు.
ఆఖరి రాయి మా కొలిమి పక్కనే ఉంది:
మెడ కాస్త ఇటు తిరగబోయి
చెవి దగ్గర ఆగిపోయిన వీపు.
దాని మీద నాన్న ఎవర్నీ ఉలి పెట్టనివ్వలేదు.

ఉక్క రాత్రుళ్ళు మెయిన్ లైను మీద కూత వినబడితే
లెక్క మొదలెడతాను.
ముప్పై దాటాక నాకు తప్పిపోతుంది.
ఆవిడకి ఎన్నడూ తప్పలేదు.