నాలుగు మిల్లీసెకండ్లు

బడి పొయ్యి రాజేసేవాణ్ణి నేను.
ముప్పై ఏళ్లుగా బొగ్గు, బూడిద, తాళాల గుత్తి.
ఆకు రాలే రోజుల్లో బురుల్‌కాన్ గుర్రం దిగి
గోడకు ఒక నల్లడబ్బా తగిలించి
"తాతా, ఇకమీదట ఇదీ నీదే.
ఆకుపచ్చ దీపం ఆరితే
ఇందులోంచే నాకు కబురు పెట్టు" అంది.
దీపం ఆరాక ఇందులోంచి కబురెలా పోతుందన్నాను.
ఆ పిల్ల చాలాసేపు నవ్వింది.

రెండు రోజులుంది. కురుత్ ఉండలు చప్పరిస్తూ
మాటలు నేర్పింది.

రౌటరంటే కనుమ దగ్గర కూర్చున్న ముసలాడట.
లోకమంతా తెలీదు వాడికి, పక్క మలుపు తెలుసు.
"అటు పో" అంటాడు.
ఆ మలుపులో ఇంకొకడు, వాడికి ఆ పక్కది.
దారి మొత్తం ఎరిగినవాడు ఒక్కడూ లేకుండానే
మా అక్-జిల్గా లోయలో రాసిన ఉత్తరం
సముద్రం దాటేస్తుందట.

ఉత్తరమూ ఒక్కటిగా పోదు.
ముక్కలు చేసి, ముక్కకో అంకె వేసి తోలేస్తారు.
మూడోది ముందొచ్చినా, మొదటిది వాగులో పడినా
అవతలివాడు అంకెలు చూసి సర్దుకుంటాడు,
తగ్గినదాన్ని మళ్లీ పంపమంటాడు.
మా గొర్రెల లెక్కా ఇంతేనన్నాను.
"తప్పిన గొర్రెను మళ్లీ పంపలేవుగా" అంది.
నిజమే.

ప్రతి ప్యాకెట్టు నొసటా ఇంకో అంకె.
ఇన్ని కనుమలే దాటాలని.
దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది,
సున్నా అయిన చోట దాన్ని పారేసి
పంపినవాడికి చావుకబురు రాస్తారు.
లేకపోతే దారితప్పినవన్నీ
కొండల్లో గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయట.
"మామూలుగా అరవై నాలుగు వేస్తారు" అంది.
నా వయసూ అంతే.
ఈసారి నవ్వలేదు.

పింగ్ అన్నిటికన్నా చిన్నది.
మోసుకెళ్లే వార్తేమీ ఉండదు.
ఉన్నావా?
ఉన్నాను.
అంతే.

రెండో డబ్బా వాగు అవతల జెక్షెన్ ఇంటికప్పు మీద.
పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు.
ఒక బూడిదరంగు గుర్రం. ఇంతకు మించి చెప్పను.
తెరమీద వాడు జెక్షెన్ కాదు,
చుక్కల మధ్య నాలుగు అంకెలు.
అంకెల మీద నాకేం పగ?
రాత్రి బూడిద తోడేశాక ఒక్కసారి నొక్కేవాణ్ణి.
ఉన్నావా?
నాలుగు మిల్లీసెకండ్లు. ఉన్నాను.
పలికేది డబ్బా, వాడు కాదు, తెలుసు.
అయినా నిద్ర పట్టేది.

చిల్దే చలిలో, మూడో రాత్రీ మంచు ఆగకుండా పడుతుంటే
గడువు దాటింది, అంది తెర.
మళ్లీ నొక్కాను. గడువు దాటింది.
బురుల్‌కాన్ చెప్పినట్టు ముందు నన్ను నేనే పిలుచుకున్నాను,
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి.
ఉన్నాను.
కనుమ మీది స్తంభం పలికింది.
నారిన్ పట్నం పలికింది.
వాడొక్కడే.

గుర్రం రొమ్ముదాకా మంచు.
కప్పు మీది సౌర పలక ఎక్కడుందో కూడా తెలీడం లేదు.
తలుపు భుజంతో తోశాను.
పొయ్యి చల్లగా ఉంది. పొయ్యి చల్లగా ఉందంటే
నాకు మిగతాదంతా అర్థమైపోతుంది.
చీకట్లో, నేలమీంచి:
"ఎవరూ?"
"అసనకున్‌ని. వినిపిస్తోందా?"
"ఆఁ. నీకు వినిపిస్తోందా నా మాట?"
"వినిపిస్తోంది."
దీనికీ ఆ పిల్ల ఏదో పేరు చెప్పింది, కరచాలనమని.
రెండు యంత్రాలు మాట మొదలెట్టే ముందు
మూడుసార్లు అటూ ఇటూ తట్టి చూసుకుంటాయట.
చేతులే లేనివాటికి కరచాలనమేంటని
ఆవేళ వెక్కిరించాను.

"కాలు విరిగింది" అన్నాడు. తర్వాత,
"ఆ గుర్రం సంగతి..."
"ముందు బొగ్గెక్కడో చెప్పు."

తెల్లారి పలక మీది మంచు ఊడ్చాను.
కాలికి కట్టు కట్టినవాళ్లొచ్చారు, నేనొచ్చేశాను.
బడి తాళం తీసి, పొయ్యికన్నా ముందు తెర వెలిగించాను.
ఉన్నావా?
ఆరు మిల్లీసెకండ్లు.

రెండు ఎక్కువ.
మంచు వల్ల కావచ్చు.
బురుల్‌కాన్ వస్తే అడగాలి.