గోపాలపూర్‌లో తడి

పదకొండు నెలలు ఎడారి కొండ మీద
టెలిస్కోపు పక్కన ఊపిరి లెక్కపెట్టుకుని వచ్చాను.
అక్కడి గాలికి చెమట పట్టదు.
ఇక్కడ, గోపాలపూర్ ఒడ్డున,
ఉప్పు డబ్బా కూడా నీరు కారుస్తుంది.
ఈ ఆకాశంలోంచి నాకేమీ కనిపించదు.

"ఏటి కొలిసినావమ్మా అన్నాళ్లూ?"
వల చిక్కు విప్పుతూ సూరాడ దానయ్య.

లోకం పసిగా ఉన్నప్పటి వెలుతురు
ఏ వైపు ఒరిగి ఊగుతోందో, అని
నా నల్లద్దాలు ఆయనకు పెట్టాను.
నీటి మీది తళుకు ఆరిపోయింది.
"ఓర్నాయనో, కవ్వల మందే!"
తల పక్కకు వంచమన్నాను.
తళుకు వచ్చింది, చేపలు పోయాయి.

"మరి నీకేటి అవుపడింది?"

దుమ్ము.
మన పాలపుంతదే. అదీ అలాగే ఒరుగుతుంది.

ఆయన నవ్వలేదు.
నాచు పట్టిన వల అంచు
నా చేతికిచ్చాడు.
అద్దాలు మాత్రం ఇవ్వలేదు.