సంప్ కాయిదం

మరాఠీల 'సంప్' అని అచ్చు కొట్టించిన,
చదివి వినిపించేటప్పుడు సమ్మె అన్న.
జింగానూర్ దిక్కు పోతే ఆత్రం చిన్ను
గోండిల ఇంకో మాట చెప్పిండు.
రాసుకున్న గాని
ఆయన పలికినట్టు నా నోటికి రాలే.

పంచాయత్ సమితిల క్లర్కును.
పగలు అందరి సెలవు చీటీలకు నంబర్లేస్తా,
రాత్రి అదే చేత్తోని
అందరం ఒక్కసారే రాకపోయేటందుకు
సంతకాలు వసూలు చేస్తా.

సిరొంచ నుంచి అంకీస, అంకీస నుంచి అసరెల్లి.
ఎన్క సీటు మీద రబ్బరు బ్యాండేసిన కట్ట.
ఇంకా తెల్లారలే,
టార్చిలైట్లు నోట్ల కరుచుకొని
ఆడోళ్లు ఇప్పపూలు ఏరుతున్నరు.
బండి సప్పుడికి ఒకామె లేచి
సంగతి అడిగింది, చెప్పిన.
"జీతం ఉన్నోళ్లకు గూడ ఏడుపేనా సారూ?"
ఆమెకు పాత పింఛనూ లేదు, కొత్తదీ లేదు.
ఏం చెప్పాలె.
కాళ్ల కాడ పడ్డ రెండు పూలు
ఆమె గంపల వేసి
బండి తోసుకుంట కొంత దూరం నడిచిన.

మాకు రెండు సరిహద్దులు.
ఒకటి ప్రాణహిత, దానికి వంతెన పడ్డది.
రెండోది రెండువేల ఐదు, నవంబరు ఒకటి.
ఆ తారీఖుకు అవతల కొలువైనోళ్లకు పింఛను,
ఇవతల చేరినోళ్లకు పాసుబుక్కు.

మా ఆఫీసు జవాను కొండ్ర పోశం
ఇరవై ఏండ్లు రోజుకూలీ,
పర్మనెంటు అయ్యేసరికి గీత దాటింది.
రిటైరైనంక నెలకు పడేది
వెయ్యిన్ని తొమ్మిదొందల నలభై రెండు.
పాసుబుక్కు నా టేబులు మీద పెట్టి అన్నడు:
"నా పైసలు బొంబై షేర్ బజార్ల తిరుగుతయట.
నేనైతే చంద్రపూర్ దాటలే."
ఊరూరా మీటింగుల నేను చెప్పేది
గీ ఒక్క మాటే.
మిగిలిన లెక్కలన్నీ కాయిదం మీద ఉన్నయి,
ఎవరూ చదువరు.

సిస్టర్ తోకల వనమాల మాత్రం పెన్ను పట్టలే.
"నెలలు నిండినోళ్లు ముగ్గురున్నరు నా లిస్టుల.
సమ్మె అంటే కడుపుల పిల్లలు ఇంటరా?"
రెండు గంటలు కొట్లాడినం.
ఒక్కరికి సడలిస్తే అందరూ జారుతరని మాస్తర్లు.
పాము చావాలె, కట్టె విరగొద్దని
పాత పట్వారి లసుమయ్య.
ఆయనకు పాత పింఛను నిండుగ వస్తది,
అయినా మా కంటె ముందే వచ్చి కూసుంటడు.
తీర్మానం కాలే. చాయ్ అయిపోయింది. లేసినం.
పోయేటప్పుడు ఆమె సంతకం చేసి పోయింది,
ఏమనుకొని చేసిందో అడగలే.

మొదటి రోజు తహసీల్ కచేరి ముంగట టెంటు.
మిర్చి లారీలు వరుసగ పోతున్నయి,
నినాదం సగంల దగ్గయితున్నది.
బందోబస్తుకొచ్చిన హవల్దారు గూడ తుమ్మిండు.
ఆయనదీ గీతకు ఇవతలి కొలువే,
యూనియను పెట్టుకునే హక్కు లేదు.
తుమ్మనీకె పర్మిషన్ అక్కర్లేదని
ఎవరో అంటే
రుమాలు అడ్డం పెట్టుకొని నవ్విండు.

రెండో రోజు పొద్దుగాల
వనమాల వచ్చి చివరి వరుసల కూసున్నది.
చేతులు డెట్టాల్ వాసన,
కండ్లు రాత్రంత నిద్ర లేని ఎరుపు.
"హాజరు పట్టీల సంతకం పెట్టలే అన్నా.
ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిదొందలు."
మాస్తర్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.
లసుమయ్య జరిగి ఆమెకు గోడ నీడ ఇచ్చిండు.

ప్రతిదానికీ ఒక రిజిస్టరున్న మనిషిని,
దీన్ని ఎందుల ఎక్కియ్యాలె?
సంప్ కాయిదం ఎన్క దిక్కు తెల్లగున్నది,
పెన్సిలుతోని రాసుకున్న: 2.8

సాయంత్రం పోశం వచ్చి
కాయిదం తిప్పి తిప్పి చూసి అడిగిండు,
"గింత తక్కువ... ఇదెవరి పింఛను సారూ?"